పదో నంబరు గదిలో నిశ్శబ్దం: మన లెక్కల మాస్టారి ఉద్యోగపర్వం

నిశ్శబ్దంగా ఉన్న తరగతిలో చదువు సాగుతున్నదని, గోల వినిపించే తరగతిలో సాగడం లేదని పాఠశాలతో ఏ కొంచెం సంబంధమున్నవారైనా నమ్ముతారు. తనిఖీకి వచ్చే అధికారి వరండాలో నడుస్తూ చెవితోనే మార్కులు వేసుకుంటారు. తల్లిదండ్రులు గేటు దగ్గర నిలబడి, లోపలినుంచి చప్పుడు రాకపోతే తృప్తిగా ఇంటికి వెళతారు. ఈ నమ్మకం ఎంత పాతదంటే, దాన్ని ఎవరూ పరీక్షించి చూడవలసిన అవసరం రాలేదు. మన లెక్కల మాస్టారు తమ ఉద్యోగ జీవితంలో అధిక భాగం దీనికి సాక్ష్యంగా నిలిచారు; చివరి భాగంలో దీన్ని పరీక్షకు పెట్టారు. ఆ రెండింటినీ సమానమైన గౌరవంతో నమోదు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన 1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం ఈ ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులుగా చేరారు. ఆనాటి పాఠశాల ఎలా ఉండేదో నేటి సహోద్యోగులకు ఊహించడం కష్టం. పై అంతస్తు కిటికీలకు అద్దాలు ఉండేవి కావు. కొత్తగా బిగించినా పిల్లలు ఉండనిచ్చేవారు కాదు. రెండో గంట మోగేసరికి వెనుక గోడ మీద బూట్ల అచ్చులు తాజాగా కనిపించేవి. ఉపాధ్యాయుల గదిలో టీ గ్లాసులు ఖాళీ అయ్యేంతవరకు తరగతులు తమను తామే పాలించుకునేవి. ఆడపిల్లలు ముందు బెంచీల్లో ఒకరినొకరు అంటిపెట్టుకుని కూర్చునేవారు, ఎందుకంటే వెనుకనుంచి సుద్దముక్కలు వచ్చి పడేవి. కొన్నిసార్లు సుద్దముక్కలకంటే బరువైనవీ వచ్చేవి. కొత్త మాస్టారికి తొలిరోజు ఇచ్చిన పదో నంబరు గదిలో కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి. ఆయన కూర్చోలేదు. ఆ రోజునుంచి ఈ రోజువరకు ఆ గదిలో ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదు.

బెత్తం పట్టుకోకుండా, గొంతు పెంచకుండా ఆయన ఆ గదిని దారికి తెచ్చిన తీరు ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. గోల మొదలైతే ఆయన చేతిలోని సుద్ద కింద పెట్టి, చూపుడువేలు పైకెత్తి నిలబడేవారు. అంతే. ఒక నిమిషమైనా, సగం పీరియడైనా ఆ వేలు దిగేది కాదు. పిల్లలు మొదట నవ్వారు, తరువాత విసుక్కున్నారు, చివరకు ఓడిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి పదో నంబరు గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వరండాలోకి వినిపించడం మొదలైంది. పిల్లలు ఆయనకు ‘వేలు సారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు తెలుసు. అందులో కొంత గర్వమూ ఉండేదని సన్నిహితులకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక ప్రధానోపాధ్యాయులు ‘ప్రశాంత తరగతి’ అని అక్షరాలు చెక్కించిన చెక్క ఫలకాన్ని చేయించి, ప్రతి సోమవారం అంతకుముందు వారంలో అతి నిశ్శబ్దంగా ఉన్న తరగతి తలుపుకు వేలాడదీయించే ఆచారాన్ని ప్రవేశపెట్టారు. ఫలకం మొదట్లో తరగతులు మారింది. తరువాత పదో నంబరు తలుపుకే స్థిరపడింది. ప్రధానోపాధ్యాయులు మారారు, కార్యాలయంలో బీరువాలు మారాయి, ఫలకం మాత్రం మారలేదు. మాస్టారు క్రమశిక్షణ సంఘానికి అధ్యక్షులయ్యారు. కొత్తగా చేరిన ఉపాధ్యాయులను ఒక వారంపాటు ఆయన గది వెనుక బెంచీలో కూర్చోబెట్టడం అలవాటైంది. ఆయన దగ్గరే చదువుకుని, ఆయన్నే చూసి ఉపాధ్యాయవృత్తిలోకి వచ్చిన ఒక శిష్యుడు మన పాఠశాలలోనే రెండవ గణితోపాధ్యాయుడిగా చేరినప్పుడు మాస్టారు ఎంత సంతోషించారో మనమంతా చూశాం. ఆయన్ను మనం చిన్న మాస్టారు అంటాం. వేలు ఎత్తే తీరులో గురుశిష్యులకు తేడా లేదు.

ఇక్కడితో ఆపి, శుభాకాంక్షలు చెప్పి ముగిస్తే ఈ వీడ్కోలు సంచికకు సరిపోయే వ్యాసమే అయ్యేది. అయితే సంచిక కోసం వివరాలు అడగడానికి వెళ్లిన సహోద్యోగులతో మాస్టారు ఒకటే మాట అన్నారు: “పొగడ్తలు రాస్తే సభకి రాను. జరిగింది రాయండి.” పక్కనే ఉన్న వారి అమ్మాయి కూడా, “నా సంగతి కూడా రాయండి, ఫరవాలేదు,” అన్నారు. కనుక జరిగింది రాస్తున్నాం.

గత సంవత్సరం జనవరిలో ఒక ఉదయం మాస్టారికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. సెలవు పెట్టే అలవాటు లేని మనిషి కనుక తొమ్మిదవ తరగతికి వచ్చి, మాట లేకుండా బోర్డు మీద రాస్తూ పోయారు. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, ఇద్దరి వయసుల మొత్తం నలభై ఎనిమిది, ఎవరి వయసు ఎంత అన్నది లెక్క. సమీకరణం రాసుకునే చోట ఆయన తండ్రినీ కొడుకునూ తారుమారు చేశారు. చివరకు తండ్రి వయసు పన్నెండేళ్లనీ, కొడుకు వయసు ముప్పై ఆరేళ్లనీ తేల్చి, అలవాటు ప్రకారం జవాబు కింద రెండు గీతలు గీశారు. తరగతి మొత్తం తలలు వంచి రాసుకుంది; స్కేళ్లు తీసి రెండు గీతలూ గీసుకుంది. మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్లి దగ్గి, నీళ్లు తాగి, వెనక్కి తిరిగారు. అప్పుడు బోర్డు కనిపించింది.

ఒక్కరు కూడా నవ్వలేదన్నది ఆయన్ను మొదట తాకిన విషయం. పన్నెండేళ్ల తండ్రిని చూసి నలభై మంది పిల్లలు నవ్వకుండా ఎలా ఉండగలిగారు?

బొంగురు గొంతునే పెగల్చుకుని ముందు బెంచీలోని అమ్మాయిని అడిగారు. తరగతిలో మొదటి స్థానం ఎప్పుడూ ఆ అమ్మాయిదే.

“ఏమ్మా, ఈ జవాబు చూశావా?”

“చూశానండి.”

“ఎలా ఉంది?”

“కొడుకు పెద్దవాడైపోయాడండి.”

“మరి చెప్పలేదేం?”

ఆ అమ్మాయి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. “పాఠం జరిగేటప్పుడు మాట్లాడకూడదు కదండీ.”

ఆయన చివరి బెంచీ వైపు చూశారు. “నువ్వేమనుకున్నావురా?”

“నేనేం అనుకోలేదు సార్. మీరు రాశారు, నేనూ రాసుకున్నా.”

చూసి మాట్లాడనివారు కొందరు, చూడనే చూడనివారు ఎక్కువమంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధాకరమో ఆయన ఆ రోజంతా ఆలోచించారు. వరండాలో ఫ్యాను చప్పుడు ఎప్పటిలాగే వినిపిస్తోంది. తలుపుకు ఫలకం ఎప్పటిలాగే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర దీన్ని ఆయన ఒక వింతగా చెప్పబోయారు. వారి అమ్మాయి అప్పటికి ఒక వైద్యశాలలో రోగుల నమోదు విభాగంలో పనిచేస్తూ, ఆ వారం పుట్టింట్లో ఉన్నారు. ఆమె కూడా ఇదే పాఠశాలలో, ఇదే పదో నంబరు గదిలో చదువుకున్నారు.

“ఏమ్మా, నవ్వు రాలేదా?” అన్నారు మాస్టారు.

“రాలేదు నాన్నా. ఆ బెంచీల్లో నేనూ కూర్చున్నాగా.”

“ఇప్పుడెందుకే ఆ పాత పురాణం? మీ నాన్నని అన్నం తిననీ,” అన్నారు తల్లి.

“తిననీ అమ్మా, నేనేం కంచం లాక్కోలేదుగా.” ఆమె తండ్రి వైపు తిరిగారు. “భిన్నాలు దాటాక నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు నాన్నా. అడుగుదామని చెయ్యి సగం ఎత్తేదాన్ని. అప్పటికే మీ వేలు పైనుండేది.”

“ఇంట్లో అడగొచ్చు కదమ్మా!”

“ఇంట్లో మీరు నాన్నెప్పుడయ్యారు? ఇక్కడా సారే కదా!”

తల్లి నవ్వు ఆపుకోలేకపోయారు. “అది మాత్రం నిజం. పాలవాడు కూడా మీరున్నప్పుడు గొంతు తగ్గించే మాట్లాడతాడు.”

మాస్టారు కూడా నవ్వారు. తరువాత చేయి కడుక్కుని చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డారని అమ్మాయి చెప్పారు. లెక్కలు లేని చదువు ఏదైనా ఫరవాలేదని పదో తరగతి తరువాత తాను ఎందుకు పట్టుబట్టారో తండ్రికి ఆ రోజే తెలిసిందని, అంతవరకు ఆయన దాన్ని కూతురి అభిరుచి అనుకున్నారని కూడా ఆమె చెప్పారు.

మరుసటి సోమవారం మాస్టారు తరగతిలో కొత్త నియమం ప్రకటించారు. ప్రతి పాఠంలో తాను కావాలని ఒక తప్పు చేస్తారు. దాన్ని పట్టుకున్నవారు “ఆగండి” అని గట్టిగా అనాలి. ఎందుకు ఆగాలో చెప్పాలి. మొదటి రెండు వారాలు ఎవరూ అనలేదు. తప్పులు బోర్డు మీద అలాగే మిగిలిపోయి, చివరి గంటకు తుడుపుగుడ్డ కింద చెరిగిపోయేవి. మూడో వారంలో చివరి బెంచీ పిల్లవాడు సగం లేచి, గోడ వైపు చూస్తూ “ఆగండి” అన్నాడు. అతడు చూపినది తప్పు కాదు. అయినా మాస్టారు ఆగి, అది తప్పెందుకు కాదో అతడే చెప్పేదాకా వేచి ఉన్నారు. ఆ పూట పాఠం ముందుకు సాగలేదు. తరువాత చాలా పూటలు అలాగే గడిచాయి. వేసవి సెలవుల తరువాత ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి గదిలో మాటలు ఎక్కువయ్యాయి, వాదనలు వచ్చాయి. ఒకరి లెక్కను మరొకరు వచ్చి బోర్డు మీద కొట్టివేయడం వచ్చింది. మాస్టారి తప్పుల్లో ఏవి కావాలని చేసినవో, ఏవి నిజమైనవో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఫలకాన్ని చిన్న మాస్టారి తరగతికి మార్చాలని నిర్ణయమైంది. దాన్ని తీయబోతే మేకు తుప్పుపట్టి రానన్నది. పట్టకారు తెప్పించవలసి వచ్చింది.

గోడకు అవతలి గదిలో సాంఘికశాస్త్రం బోధించే మాస్టారు ఒక రోజు తలుపు దగ్గరకు వచ్చి అడిగారు: “ఏం సార్, లెక్కలు చెబుతున్నారా, వేలంపాట పెట్టారా?”

“వేలంపాటే లెండి. ఇంకా సరైన ధర రాలేదు.”

ఒక తండ్రి ప్రత్యేకంగా పాఠశాలకే వచ్చారు. “మాస్టారూ, మావాడి ధాటికి ఇంట్లో ఉండలేకపోతున్నామండీ. నేను మంచం మీదే ఉండి ఫోనులో ఆఫీసువాళ్లతో ‘దారిలో ఉన్నా’ అంటాను. పక్కనుంచి వాడు ‘ఆగండి’ అంటాడు!”

ఇవి నవ్వుకోదగినవి. నవ్వుకోలేనిది నవంబరులో జరిగింది. ఆ మధ్యాహ్నం మాస్టారు కార్యాలయానికి వెళుతూ, ఒక లెక్కను తరగతికే వదిలి, మీలో మీరు తేల్చుకోండని చెప్పారు. వెనుక బెంచీల్లో లెక్క కాస్తా మాట అయింది, మాట తోపులాట అయింది. బల్ల పక్కకు ఒరిగి, ముందు బెంచీ అమ్మాయి కళ్లద్దాలు పగిలి, కనుబొమ పక్కన గాజు గీసుకుంది. పన్నెండేళ్ల తండ్రిని చూసి మాట్లాడని అమ్మాయే ఆమె. మాస్టారు తామే ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లి, కుట్లు వేసేదాకా పక్కనే నిలబడ్డారు. ఆ అమ్మాయి తల్లి వచ్చి కేకలు వేయలేదు.

“మీ క్లాసంటే చీమ చిటుక్కుమనదని చెప్పుకునేవాళ్లమండీ. మీ దగ్గరే ఇలా అయితే మేమింకెక్కడికి పంపాలి?”

“నాదే తప్పమ్మా,” అన్నారు మాస్టారు.

మరుసటి ఉదయం ప్రధానోపాధ్యాయిని ఆయన్ను పిలిపించారు. ఆమె కఠినురాలు కారు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడి పదవి చాలాకాలంగా ఖాళీగా ఉంటే ఆ పాఠాలు తామే చెబుతూ, గైడులోని జవాబులు వల్లె వేయించి పీరియడు ముగించేవారిని మందలిస్తూ, ఈ పాఠశాలను నెట్టుకొస్తున్న మనిషి.

“పోస్టు నింపమని ఎన్ని ఉత్తరాలు రాసినా పైవాళ్లకి చెవికెక్కదు సార్. మీ క్లాసు గోల మాత్రం తెల్లారేసరికే చేరిపోయింది. మీరు చేస్తున్నది తప్పని నేననను. కానీ మీకు తరగతులు చాలా వచ్చాయి, పోయాయి. ఈ పిల్లలకి పదో తరగతి ఒక్కసారే. పరీక్ష పోతే మళ్లీ వస్తారా వీళ్లు? సగం మంది పనుల్లోకి పోతారు.”

చిన్న మాస్టారు అక్కడే ఉన్నారు. “ఆ సెక్షన్ కూడా నాకిచ్చేయండి సార్. ముఖ్యమైనవి ఏరి, రాయించి రాయించి బట్టీ పట్టించేస్తా. గట్టెక్కుతారు.” ఆయన మరో మాట కూడా అన్నారు. “మీరు నేర్పిందే నేను చేస్తున్నా. ఇప్పుడు మీరే అది కాదంటే, నేనెవర్ని చూసి నడవాలి సార్?”

మాస్టారు ఆలోచించి చెబుతానన్నారు.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన సంభాషణను అమ్మాయి ఇలా చెప్పారు. “మళ్లీ వేలెత్తకండి నాన్నా,” అని తాను అన్నారట. “నువ్వూరుకో. పరీక్ష రాసేది నువ్వు కాదుగా,” అన్నారట తల్లి. ఇద్దరిలో ఎవరి మాటా తోసిపుచ్చదగినది కాదని మాస్టారికి తెలుసు. తాను ఆ పిల్లలను వదలలేకపోవడం వారి మేలు కోరా, లేక ఇన్నేళ్ల తరువాత తన తప్పును దిద్దుకున్నానని తనకు తాను రుజువు చేసుకోవాలన్న పంతమా అన్నది ఎంత తర్కించినా తేలలేదు. తేలకుండానే ఆయన మరునాడు ప్రధానోపాధ్యాయినికి విన్నవించుకున్నారు: తరగతి తన దగ్గరే ఉండనివ్వాలి, తాను గది విడిచి వెళ్లరు, ఫలితానికి బాధ్యత తనదే. ఆమె సరేనన్నారు.

అప్పటినుంచి పరీక్షలవరకు మాస్టారు చేసిన శ్రమ మనకు తెలియనిది కాదు. ఉదయం మనం గేటు దాటేసరికి పదో నంబరు గదిలో బోర్డు నిండి ఉండేది. కనుబొమ మీద కుట్ల గుర్తుతో ఆ అమ్మాయి తిరిగి వచ్చి, మొదటి రోజే రెండుసార్లు “ఆగండి” అన్నది. చివరి బెంచీ పిల్లవాడు త్రిభుజాల్లో చురుకుదనం చూపాడు. కానీ ప్రశ్నలకు ఆగుతూ సాగే పాఠానికి సంవత్సరం చాలదు. చిన్న మాస్టారి విభాగం జనవరికే పుస్తకం ముగించి, పాత ప్రశ్నపత్రాలు మూడుసార్లు తిరగేసింది. మాస్టారి విభాగంలో ఆఖరి రెండు అధ్యాయాలు ఉరుకులు పరుగుల మీద జరిగాయి. ఆ రెండింటికీ ఎవరూ “ఆగండి” అనకుండా చూడవలసి వచ్చిందని, చివరి వారంలో తన చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచిందని మాస్టారే ఒక మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో చెప్పారు.

ఇన్ని సంవత్సరాల సేవలో ఆయనకు సన్మానాలు జరిగాయి, ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఆయన దగ్గర చదివినవారు ఇంజనీర్లయ్యారు, అధికారులయ్యారు, ఉపాధ్యాయులయ్యారు. వారిలో ఎవరు వీధిలో కనిపించి నమస్కరించినా ఆయనిప్పుడు వారిని ఒకటే అడుగుతున్నారు: “నా క్లాసులో నీకు అర్థం కానిదేదైనా ఉండేదా?” చాలామంది లేదండీ అంటున్నారు. అది గౌరవమో, నిజమో ఆయనకు తెలియడం లేదు. విచారం ఆయన స్వభావం కాదు; కానీ ఈ వీడ్కోలు వేళ ఆయనలో ఉన్నది విచారమే అని దాచడం ఆయన కోరిన నిజాయితీకి న్యాయం కాదు. ఒక అవ్యవస్థ నుంచి ఈ పాఠశాలను కాపాడినవారు ఆయనే. ఆ కాపుదలలో ఏది కోల్పోయామో ముందుగా చూసినవారు కూడా ఆయనే. చూడటానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఆయన ఒక్కరిది కాదు. ఫలకం వైపు చూసి తల పంకిస్తూ వరండాలో నడిచిన మనందరిదీ.

ఈ జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న మాన్య మిత్రులకు, చలికాలం రాగానే మొరాయించే ఆ గొంతు ఇకనైనా కుదుటపడి, దృఢమైన ఆరోగ్యమూ సుదీర్ఘమైన ఆయుర్దాయమూ చేకూరాలని, ఇంట్లో ఆయన్ను సార్ అని కాక నాన్నా అని, నువ్వని, నచ్చినట్టు పిలిచి విసిగించే మనుషుల మధ్య వారి శేషజీవితం సుఖశాంతులతో సాగాలని సహోద్యోగులమంతా మనసారా ఆకాంక్షిస్తున్నాం. వారి సతీమణికి, మాట దాచని వారి అమ్మాయికి మా కృతజ్ఞతలు.

ఈ వ్యాసం అచ్చుకు వెళ్లేలోగా పదవ తరగతి ఫలితాలు వెలువడ్డాయి. చిన్న మాస్టారి విభాగంలో అందరూ ఉత్తీర్ణులయ్యారు. మాస్టారి విభాగంలో ఏడుగురు లెక్కల్లో తప్పారు. వారికి అనుబంధ పరీక్ష ఈ నెలలోనే. మాస్టారు రోజూ ఉదయం పదో నంబరు గదిలో వారికి పాఠం చెబుతున్నారు. ఐదుగురు వస్తున్నారు.